తాళంచెవి లోపలి తాళంచెవి

మీట నొక్కాను. మళ్ళీ నొక్కాను.
ట్రక్కు ఉలకలేదు, పలకలేదు.
రోజూ నన్ను చూడగానే
రెండు కళ్ళూ ఆర్పి పలకరించే బండి
ఈ రాత్రి, హఫర్డ్‌కి ఉత్తరాన, మైనస్ ముప్ఫై నాలుగులో,
అలిగిన మనిషిలా తలుపులు బిగించుకుంది.

కొట్టంలో తొలిచూలు పెయ్య.
దూడ ముందరి గిట్టలు బయటికొచ్చి అరగంట,
ముందుకీ రావు, వెనక్కీ పోవు.
లాగే గొలుసులు వెనక సీటు కింద ఉన్నాయి.
టార్చి వేస్తే అద్దంలోంచి మెరుస్తున్నాయి కూడా.

తలుపు తెరవాలంటే బ్యాటరీ కావాలి.
బ్యాటరీ బోనెట్ కింద.
బోనెట్ లేపే పిడి స్టీరింగ్ కింద.
స్టీరింగ్ తలుపు వెనక.
పిచ్చి కుదిరితే పెళ్ళి,
పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.

కట్టెలు చీల్చే గొడ్డలి తెచ్చాను.
అద్దానికి ఎదురుగా ఎత్తి నిలబడితే
లోపల ఇంకో ఆడమనిషి
నా మీదికి గొడ్డలి ఎత్తింది.

అప్పుడొచ్చాడు నెస్టర్ హావ్రిలుక్, ట్రాక్టర్ మీద,
ఫోన్ చేసిన పావుగంటకి, మీసాలకి మంచు కట్టి.
తనకున్న బండ్లన్నీ
చేత్తో తిప్పి అద్దాలు దించే కాలం నాటివి.
"దించు ఆ గొడ్డలి," అన్నాడు.
"ఏ తలుపూ ఒక్క దారితో పుట్టదు."

నా చేతిలోంచి ఆ నల్లటి మీటల డబ్బీ తీసుకుని
పక్కనున్న చిన్న నొక్కు గోటితో వెనక్కి లాగాడు.
చేప పొట్టలోంచి ముల్లు తీసినట్టు
సన్నటి ఇనప తాళంచెవి ఊడొచ్చింది.
ఆరేళ్ళుగా నా జేబులోనే ఉంది,
దాని పళ్ళు ఇంకా పాలపళ్ళే.

రంధ్రం కూడా దాక్కునే ఉంది,
పిడి మీద ప్లాస్టిక్ మూత కింద.
దాని మొనతోనే మూత పెకలించాడు.
లైటర్ వెలిగించి తాళంచెవి కాచాడు,
దూర్చాడు, తీశాడు, మళ్ళీ కాచాడు.
నేను లోపల్లోపలే గిట్టలు లెక్కపెట్టుకుంటున్నాను, ఒకటి, రెండు.

టక్.

తలుపు తెరుచుకుంది, దీపం వెలగలేదు.
చీకట్లో తెరుచుకున్న బండి
ఎవరూ లేని ఇంటి వాసన వేసింది.
గొలుసులు పట్టుకుని పరిగెత్తాను.

ఆ తర్వాత అరగంట గురించి ఏం చెప్పను,
నెస్టర్ కాలు దన్ను పెట్టి "ఇప్పుడు" అన్నప్పుడల్లా లాగాను.
కోడెదూడ, తడి బొంతలా గడ్డి మీద పడింది.

తిరిగి బండి దగ్గరికొచ్చాం.
కేబుళ్ళు తెమ్మంటాడనుకున్నాను.
బ్యాటరీ పక్కలు తడిమి, తల అడ్డంగా ఊపాడు.
"గడ్డ కట్టింది. ఇప్పుడు కరెంటు ఇస్తే పేలుద్ది.
ముందు వెచ్చబడనీ."
రెండు నట్లు విప్పి చంకన పెట్టుకున్నాడు.

నేను ఊరుకోక
చలిని తిట్టాను, షోరూం వాణ్ణి తిట్టాను,
రేడియో ఆపకుండా దిగిందని ట్రినాని తిట్టాను.
నెస్టర్ టార్చి డ్యాష్‌బోర్డు వైపు తిప్పాడు.
చిన్న అర మూత వేలెడు తెరిచే ఉంది,
మధ్యలో ఇరుక్కుని ఒక ఉన్ని చేతితొడుగు.
లోపల గోధుమ గింజంత బల్బు,
నాలుగు రాత్రులు ఒంటరిగా మేలుకుని
ఇంత బండినీ తాగేసింది.

చేతితొడుగు నాది.

ఇప్పుడు వంటింట్లో పొయ్యికి ఈ పక్కన దూడ,
పాత దుప్పటి మీద, ఆవిర్లు కక్కుతూ.
ఆ పక్కన పేపర్లు పరిచి బ్యాటరీ,
మంచు కరిగి కింద మడుగు కడుతూ.
నడుమ నెస్టర్, సాక్సులతో, టీ ఊదుకుంటూ.
మేడ మెట్ల మీద కూర్చున్న ట్రినా
నిద్ర కళ్ళతో అడుగుతుంది:
"ముందు ఏది లేస్తుంది?"

"దూడ మీదయితే పందెం కాస్తా," అంటాడు ముసలాయన.
"దానికి బల్బు లేదు."